రాకెట్‌కి హోల్డ్ ఉంది, రచయిత్రికి లేదు

ప్రేమ నవలలంటే మన సాఫ్టువేరు జనాలకి ఎక్కడలేని నవ్వు. లంచ్ టైములో ఎవరైనా అమ్మాయి ఫోన్లో తెలుగు సీరియల్ చదువుతూ దొరికిందంటే చాలు, "ఏంటి, సీఈవో గారు కాంట్రాక్టు పెళ్ళి చేసుకున్నారా?" అని మొదలెడతారు. అన్న మనిషే ఇంటికెళ్ళి రాత్రి ఒంటిగంట దాకా సూపర్‌హీరోల్ని చూస్తాడు, దానికి మాత్రం 'కంటెంట్' అని మర్యాదైన పేరు. ఎవరి రుచి వాళ్ళది, దాంతో నాకు పేచీ లేదు. ఆ కథలు రాసేవాళ్ళ గురించి మాట్లాడే పద్ధతి మీదే నా పేచీ అంతా. "పనీపాటా లేని ఆంటీలు రాస్తారు, పనీపాటా లేని ఆంటీలు చదువుతారు" అని ఓ సహోద్యోగి అనగా నా చెవులతో విన్నాను. ఆ మహానుభావుడికి ఆ క్వార్టర్లో ఇచ్చిన టార్గెట్ ఏంటంటే, జనాన్ని యాప్‌లో ఇంకో నాలుగు నిమిషాలు ఎక్కువ కూర్చోబెట్టడం :)

సరే, ఆ పనీపాటా సంగతే చూద్దాం.

మాకు వరసకి వదినయ్యే ఆవిడ ఒకామె ఉంది. పేరు చెప్పను, కలం పేరు అసలే చెప్పను. సూళ్ళూరుపేటలో ఉంటారు. అన్న శ్రీహరికోటలో, అదే మేం షార్ అంటాం, కాంట్రాక్టు మీద పని చేస్తాడు. పొద్దున్నే బస్సెక్కి పులికాట్ మీద వేసిన రోడ్డు దాటి దీవిలోకి వెళ్ళాలి. (2022 ఏప్రిల్ నుంచి సూళ్ళూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లా లెక్కలోకి పోయాయి. మా నోటికి ఇంకా నెల్లూరే వస్తుంది.) వదిన ఐదారేళ్ళుగా ఓ కథల యాప్‌లో ప్రేమ సీరియళ్ళు రాస్తోంది. రోజుకో భాగం.

ఆమె రోజు ఎలా ఉంటుందో చెప్తాను, వినండి. అయిదింటికి లేస్తుంది. రెండు క్యారేజీలు కట్టాలి. అన్నం ఉడికేలోపు నిన్నటి భాగం కింద వచ్చిన కామెంట్లు చదువుతుంది. సరదాకి కాదు లెండి, ఏ పాత్ర మీద జనానికి కోపమొచ్చింది, ఎక్కడ కథ అర్థం కాలేదు అని చూసుకోవడానికి. పొద్దున్నే మనం ప్రొడక్షన్ లాగులు చూసుకోమూ, అలాగన్నమాట. ఎనిమిదిన్నరకి ఇల్లు ఖాళీ అవుతుంది. అంట్లు తోముతూ వాయిస్ టైపింగ్‌లో సంభాషణలు చెప్పేస్తుంది. సంభాషణలు మాత్రమే, వర్ణన నోటితో చెప్తే బాగా రాదట. ఆమె 'పులికాట్' అంటే ఫోను 'పులి కాటు' అని రాస్తుంది, ప్రతిసారీ. మధ్యాహ్నం రెండు గంటలు కూర్చుని అదంతా సరిచేసి, మధ్యలో నడక పెట్టి, చివర మరుసటి రోజుకి ముడి వేస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకి ఇంకోసారి చదివి పదింటికి వదులుతుంది. వెయ్యి మాటలకి తగ్గితే "ఏందక్కా ఇంత చిన్న భాగం" అంటారు పాఠకులు. ఏడాదిలో 300 రోజులే రాసిందనుకున్నా 3 లక్షల మాటలు. మనలో ఎంతమంది ఏడాదికి ఓ పది పేజీల డిజైన్ డాక్యుమెంటు సొంతంగా పూర్తి చేస్తున్నాం?

ఆమె దగ్గర ఓ పాత డైరీ ఉంది. పాత్రల పేర్లు, వయసులు, ఎవరికి ఏ రహస్యం ఎన్నో భాగంలో తెలిసింది, ఎవరికింకా తెలీదు, అన్నీ అందులో గళ్ళు గీసి రాసుకుంటుంది. ఓసారి 43వ భాగంలో హీరో చెల్లెలి పేరు మారిపోతే పాఠకులు పావుగంటలో పట్టేసుకున్నారట, అప్పట్నుంచీ ఈ ఏర్పాటు. నేను చూసి "వదినా, ఇది డేటాబేస్ కదా" అన్నాను. "ఏందో అబ్బయా, నాకు మతిమరుపు" అంది. పండగలకీ, పిల్లాడి పరీక్షలకీ ముందు ఆరేడు భాగాలు రాసి పెట్టుకుంటుంది, దాన్ని 'స్టాక్' అంటుంది. ఇక రాకెట్ ప్రయోగం ఉన్నరోజు ఊరంతా మేడలెక్కుతుంది. ఇల్లు ఖాళీ. కిటికీ అద్దాలు గడగడలాడుతుంటే ఆమె లోపల కూర్చుని సగం భాగం లాగేస్తుంది. ఊళ్ళో ఉండి కూడా చాలా ప్రయోగాలు చూడలేదట.

ఇంత చేస్తే వచ్చేదెంత? పోయినేడాది ఏ నెలా పిల్లాడి స్కూలు ఫీజు దాటలేదు. కొన్ని నెలలు రీచార్జి డబ్బులు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. రెండేళ్ళ కిందట వాళ్ళత్తగారిని నెల్లూరు ఆస్పత్రిలో చేర్చారు. స్టాక్ నాలుగు రోజుల్లో అయిపోయింది. తర్వాత పదకొండు రోజులు రాయలేదు. మూడో రోజు నుంచే యాప్ నోటిఫికేషన్లు మొదలు: మీ పాఠకులు ఎదురు చూస్తున్నారు, మీ వరస తెగిపోయింది, ఈరోజే రాయండి. ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని చదువుకుంది అవన్నీ. తిరిగొచ్చి రాస్తే చదివేవాళ్ళు సగానికి పడిపోయి ఉన్నారు. కథ మొదటి పేజీలో కనబడటం మానేసింది. మళ్ళీ పాత లెక్కకి రావడానికి రెండు నెలలు పట్టింది. ఎవరూ ఆమెని శిక్షించలేదు, తిట్టలేదు. ర్యాంకింగ్ సూత్రంలో 'ఇటీవల ఎన్ని భాగాలు' అనే అంకె ఒకటుంటుంది, అది తగ్గింది, అంతే. ఆ అంకెకి ఎంత బరువివ్వాలో ఎవరో మనలాంటివాడు ఓ గురువారం మధ్యాహ్నం మీటింగులో తేల్చి ఉంటాడు.

ఇది జరిగింది ఎక్కడండీ? శ్రీహరికోట పక్కన. ఆగడం అంటే ఏంటో ఈ దేశంలో అందరికంటే బాగా తెలిసిన చోటు పక్కన. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 బయల్దేరాలి. రాష్ట్రపతి వచ్చి కూర్చున్నారు, దేశమంతా టీవీల ముందుంది. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. వారం తర్వాత, జూలై 22న పంపారు. అంతకుముందు 2013 ఆగస్టులో జీఎస్ఎల్వీ-డీ5 ఇంకో గంటంపావుకి ఎగురుతుందనగా ఇంధనం లీకైందని ఆపి, 2014 జనవరి 5న ఎగరేశారు. దాదాపు నాలుగున్నర నెలలు. ఇస్రో వరస తెగిపోయింది, ర్యాంకు పడిపోయింది అని ఎవరైనా అన్నారా? ఆపినందుకు మెచ్చుకున్నాం, మెచ్చుకోవాలి కూడా. అక్కడ 'హోల్డ్' అన్నది వ్యవస్థలో ఓ భాగం, దానికో పద్ధతుంది, ఆ మాట అనే అధికారం ఉన్న మనుషులున్నారు. పులికాట్ ఇవతల గట్టున రోజూ ప్రయోగం చేసే మనిషికి ఆ బటనే పెట్టలేదు.

"కథల్లో నాణ్యత లేదు, అన్నీ ఒకేలా ఉంటాయి" అంటారు కదా, దానికీ ఇక్కడే జవాబుంది. కొలత ఎలా ఉంటే రాత అలా తయారవుతుంది. ఇంగ్లీషు ప్రేమ నవలల లోకంలో ఇది పట్టపగలు జరిగింది. అమెజాన్ 2007 నవంబరులో, కిండిల్‌తోపాటే, ఎవరి పుస్తకం వాళ్ళు పెట్టుకునే ఏర్పాటు తెచ్చింది. పెద్ద ప్రచురణకర్తలు తిప్పి పంపిన వాళ్ళు, అసలు పంపనే లేని వాళ్ళు వేలమంది అందులోకి దిగారు, వాళ్ళలో ప్రేమకథల వాళ్ళది పెద్ద వాటా. కొలీన్ హూవర్ మొదటి నవల 2012 జనవరిలో అలా సొంతంగా వేసుకున్నదే. 2014 జూలైలో నెలచందా పథకం కిండిల్ అన్‌లిమిటెడ్ వచ్చింది. మొదట్లో పాఠకుడు పుస్తకంలో పదోవంతు చదివితే చాలు, రచయితకి ఒక అద్దె లెక్క పడేది. పుస్తకం 30 పేజీలైనా 300 పేజీలైనా అంతే. ఏం జరుగుతుంది? నవలని ముక్కలు కోసి చిన్న చిన్న పుస్తకాలుగా అమ్మడం మొదలైంది. 2015 జూలైలో లెక్క మార్చి, చదివిన పేజీకింత అన్నారు. ఆ ఇంత ఎంతంటే, పేజీకి అర సెంటు కూడా ఉండదు. మరుక్షణం పుస్తకాలు లావెక్కాయి. కొత్త కథ వెనక పాత కథలు నాలుగు కుట్టి, పాఠకురాలిని చివరి పేజీకి గెంతించే ఉపాయాలు పన్నేవాళ్ళు తయారయ్యారు. 2018లో గొడవ పెద్దదయ్యాక అమెజాన్ కొందరిని ఏరివేసింది. 2019లో ఇంకో ముచ్చట. బ్రెజిల్‌కి చెందిన ఓ రచయిత్రి పుస్తకాల్లో పదుల కొద్దీ నవలల్లోంచి ఎత్తిన పేరాలు బయటపడ్డాయి. ఆవిడ తప్పంతా తను డబ్బిచ్చి రాయించుకున్న ఘోస్టు రచయితల మీదకి తోసింది. 2023 సెప్టెంబరు వచ్చేసరికి, యంత్రం రాసిన పుస్తకాల వరద చూసి, ఒక ఖాతాలో రోజుకి మూడు కొత్త పుస్తకాలకి మించి పెట్టకూడదు అని అమెజాన్ పరిమితి పెట్టింది. మూడు. రోజుకి. ఆ పరిమితి చదివాక కూడా రచయితల బద్ధకం గురించి మాట్లాడేవాళ్ళకి దండం.

మన యాప్‌లలో కొలత రోజు. ఈరోజు భాగం వచ్చిందా, రేపటి దాకా తాళం వేసిన భాగాన్ని ఇప్పుడే తెరవడానికి పాఠకురాలు డబ్బు కట్టిందా. ఆ కొలతకి తగ్గ కథ ఏంటంటే ముగియని కథ. వదిన ఓసారి షార్‌లో ఇంధనం నింపే విభాగంలో పనిచేసే టెక్నీషియనూ, పులికాట్ పక్క ఊళ్ళో టీచరమ్మా, వాళ్ళ కథ రాసింది. ప్రయోగం ముందు రోజుల్లో డ్యూటీ మీద దీవిలోనే ఉండిపోయే అబ్బాయి. శీతాకాలం నేలపట్టు కొంగలూ, పులికాట్ ఫ్లెమింగోలూ చూసుకుంటూ ఎదురుచూసే అమ్మాయి. 38 భాగాల్లో ముగించింది. నేను చదివిన ఆమె కథల్లో అదే బాగుంది. అది ఆడలేదు. తర్వాత రాసిన బిలియనీరు కథ 200 భాగాలు దాటింది, ఇంకా నడుస్తోంది. "అబ్బయా, వాణ్ణి చంపుదామన్నా వీలుకావడంలా" అని నవ్వుతుంది.

డబ్బున్న హీరో ఈ యాప్‌లు కనిపెట్టిన వస్తువేమీ కాదు, అది ఒప్పుకోవాలి. యద్దనపూడి సులోచనారాణి (1940-2018) 'సెక్రటరీ' 1960లలో 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది, 1976లో సినిమా అయింది. అందులో రాజశేఖరం పేదవాడేం కాదు. మన అమ్మలూ పిన్నులూ ఆ రాజశేఖరాన్నే కదా అద్దె లైబ్రరీల్లో రోజుకింత చొప్పున అద్దె కట్టి ఇంటికి తెచ్చుకున్నది. అప్పుడూ నవ్వినవాళ్ళు నవ్వారు. కానీ తేడా చూడండి. మాసపత్రిక అంటే భాగానికీ భాగానికీ మధ్య నెల. వారపత్రికైనా ఏడు రోజులు. మధ్యలో ఎడిటరనే మనిషుంటాడు, ఆయన చాదస్తం ఆయనకుండనీ, "ఈవారం రాలేదు, వచ్చేవారం" అని నాలుగు లైన్లు వేసి పాఠకులకి సర్దిచెప్పే దిక్కు ఒకటుంది. సీరియల్ అయ్యాక ఎమెస్కో లాంటి వాళ్ళు పుస్తకం వేస్తే ఇంకోసారి డబ్బొస్తుంది, ఆపైన సినిమా వాళ్ళు. ఒకే కథ మూడుసార్లు పంట. స్వర్ణయుగం అనను, అప్పుడూ చేతికి రాని డబ్బుల కథలు ఉండే ఉంటాయి. అయినా తలుపులు ఒకటికంటే ఎక్కువుండేవి.

మరి ఈమె కూడా ఓ పుస్తకం చేసి అమ్ముకోవచ్చుగా అంటారు. ఎక్కడ? సూళ్ళూరుపేటలో లోకల్ ట్రైనెక్కండి, తడ దాటితే తమిళనాడు. 2016 డిసెంబరులో అమెజాన్ మన దేశ భాషల్లో కిండిల్ పుస్తకాలు మొదలెట్టింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. అయిదు. తెలుగు లేదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 8.11 కోట్లు, తమిళం 6.9 కోట్లు, గుజరాతీ 5.55 కోట్లు, మలయాళం 3.48 కోట్లు. అవతలి గట్టున తమిళ ప్రేమకథల రచయిత్రులు ఓ పద్ధతి పట్టుకున్నారు. ముందు నెట్‌లో సీరియల్‌గా వారం వారం పెట్టడం, అభిమానుల్ని పోగు చేసుకోవడం, ముగిశాక అక్కడ తీసేసి కిండిల్‌కి ఎక్కించడం. పాతికా ముప్ఫై నవలలు అలా పేర్చుకున్న గృహిణులున్నారు. పాత నవల కూడా నెలనెలా ఎంతోకొంత తెస్తూనే ఉంటుంది. ఇవతలి గట్టున భాష పేరు జాబితాలో లేక ఏళ్ళ తరబడి ఆ తలుపే లేదు. గూగుల్ ప్లే బుక్స్ ఉంది కదా అంటారు, ఉంది, ప్రేమ సీరియళ్ళ పాఠకులు మాత్రం యాప్ వదిలి అక్కడికి పోరు.

తెలుగు లిపి కష్టం అని మాత్రం చెప్పకండి. తెలుగు 1991లో మొట్టమొదటి యూనికోడ్‌లోనే ఉంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం తగిలి ఐఫోన్లు పడిపోతుంటే లోకమంతా నవ్వుకుంది, గుర్తుందా? ఆపిల్ రోజుల్లోనే దిద్దుకుంది. వాళ్ళ ఫోను పడిపోయింది గనక. మన రచయిత్రుల బతుకు పడిపోతే అది ఎవరి బగ్ ట్రాకర్లోనూ పీ1 కాదు. ఆ కంపెనీలన్నిట్లో తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో మనకి తెలీదా? తానా సభల్లో తెలుగు వైభవం గురించి గొంతు చించుకుంటాం గానీ, డ్రాప్‌డౌన్‌లో మన భాష ఎందుకు లేదని లోపల ఒక టికెట్ తెరిచినవాళ్ళు ఎందరు?

కాంట్రాక్టు సంగతి ఒకటి చెప్పి ఆపేస్తాను. బిలియనీరు కథ ఆడియో చేస్తామని ఓ సంస్థ వాళ్ళు వదినకి కాగితం పంపారు. 14 పేజీలు, అంతా ఇంగ్లీషు. నాకు వాట్సప్ చేసి "సంతకం పెట్టేదా?" అని అడిగింది. చదివాను. కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా, ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాల్లో హక్కులు వాళ్ళవి. మన చట్టంలో కాపీరైట్ రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు. ఒప్పందంలో కాలం రాయకపోతే 1957 చట్టం ప్రకారం అయిదేళ్ళే లెక్క, అందుకే వాళ్ళు మర్చిపోకుండా రాశారు. దీనికంతటికీ ఇచ్చేది ఒకేసారి, నా ఫోను ఖరీదంత. రాయల్టీ ఊసే లేదు. 2012 సవరణ తర్వాత, రచన సౌండ్ రికార్డింగులోకి వెళ్తే అందులో వచ్చే రాయల్టీలో రచయితకున్న సమాన వాటా వదులుకున్నట్టు రాయించుకోవడం కుదరదు. ఆ సవరణ సినిమా పాటల కవుల పోరాటం పుణ్యమా అని వచ్చింది, సీరియల్ రాసే వదిన దాకా చేరలేదు. నేను ఈ సెక్షన్ రాసి ఆమె చేత పంపించాను. తిరుగు మెయిల్ రాలేదు. వాళ్ళకి ఇంకో వందమంది రచయిత్రులు వరసలో ఉంటారు మరి.

"ఇష్టమై రాస్తున్నారు, ఎవరు రాయమన్నారు?" అనేవాళ్ళకి ఒక్కటే అడుగుతాను. మీరు శనివారం ఓపెన్‌సోర్స్‌కి ఓ ప్యాచ్ పంపి అది ప్రొఫైల్లో పెట్టుకుంటారు, మంచిదే. మీ మేనేజరు దాన్ని చూసి "ఇష్టమై రాస్తున్నావుగా, జీతం ఎందుకు?" అంటే ఊరుకుంటారా?

ఈ కథలు గొప్ప సాహిత్యమని నేను అనడంలేదు. కొన్ని బాగుంటాయి, చాలా ఉండవు, మన కోడు లాగే. కొన్నిట్లో హీరో చేసే దౌర్జన్యాన్ని ప్రేమ అంటారు, అది చదివితే నాకూ ఒళ్ళు మండుతుంది. వదినతో ఆ విషయం మీద పోట్లాడాను కూడా. విమర్శించండి, చదివి విమర్శించండి. రాసినామె చేసేది పని అని ఒప్పుకుని విమర్శించండి.

మీలో ఎవరైనా అలాంటి యాప్‌లో పనిచేస్తుంటే ఓ చిన్న కోరిక. రచయిత ప్రొఫైల్లో 'విరామం' అని ఒక బటన్. ఏడాదికి 30 రోజులు. నొక్కితే పాఠకులకి "ఫలానా తేదీ నుంచి మళ్ళీ" అని ఓ లైను కనిపించాలి, ఆ రోజులు ర్యాంకింగ్ లెక్కలోంచి తీసెయ్యాలి, నోటిఫికేషన్లు ఆగాలి. నేను కూర్చుని అంచనా వేశాను: టేబుల్లో రెండు కాలమ్‌లు, రాత్రి నడిచే క్రాన్ జాబ్‌లో ఒక షరతు, స్క్రీను మీద ఒక టాగుల్. టెస్టింగుతో కలిపి ఒక స్ప్రింట్. ఎక్కువ పడుతుందనుకుంటే ఎందుకో కింద రాయండి, మాట్లాడుకుందాం.